బర్కూక్ ఎత్తుకొచ్చిన ఎడమకాలి జోళ్లు

ఫెస్ పాతపట్నంలో, తోళ్లు పదునుచేసే గోతుల వైపు దిగే సందులో, జోళ్లు బాగుచేసే బూషైబ్‌కు ముక్కుమీదే కోపం. పనిలో ఆరితేరి మాలెం అనిపించుకున్నవాడు. అరవై ఒకటో ఏట కూడా ఆయన కుట్టుకు వంక పెట్టినవాడు లేడు, ఆయన నోట మెచ్చుకోలు విన్నవాడూ లేడు. పెళ్లాం హ్నియా ముప్పై నాలుగేళ్లుగా శుక్రవారం శుక్రవారం కుస్కుస్ వండిపెడుతుంటే, బాగుందన్నది ఒకే ఒక్కసారి. ఆ రోజు ఆయనకు జ్వరం.

అలాంటి మనిషి కుక్కను చేరదీశాడంటే సందంతా ముక్కున వేలేసుకుంది. నిజానికి ఆయన చేరదీయలేదు. వానలప్పుడు అదే వచ్చి కొట్టు కింద తోలుముక్కల బుట్టలో పడుకుంది. రంగు చూసి హ్నియా దానికి బర్కూక్ అని, అంటే ఆల్‌బుకారా పండని, పేరు పెట్టింది. పేరు పెట్టాక వెళ్లగొట్టడం ఎవరితరం?

బర్కూక్‌కు ఒకటే జబ్బు. పచ్చితోళ్ల మోపుతో గాడిద కనబడితే చాలు, కాళ్లకు అడ్డంపడి మొరిగేది. సందు వెడల్పు బారెడు. గాడిద బెదిరిందంటే ఆ తోళ్లు దారినపోయేవాళ్ల నెత్తిన పడాల్సిందే, ఆ కంపు వారందాకా వదలదు. గాడిదల అల్లాల్ రోజూ వచ్చి తిట్టిపోసేవాడు. బూషైబ్ అంతకు రెట్టింపు గొంతుతో కుక్క మీద అరిచేవాడు.

"నువ్వరిస్తే అది మానదు మాలెం," అంది హ్నియా ఒకనాడు. "తనకు తోడు నువ్వూ మొరుగుతున్నావనుకుంటోంది. ఆ తోక చూడు."

"మరేం చెయ్యమంటావ్? కాళ్లు పట్టుకోమంటావా?"

"ఆడు. దాంతో ఆడమంటున్నా. కొండమీద మా నాన్న మంద కుక్కల్ని అలాగే దారికి తెచ్చేవాడు. గొర్రె వంక చూడకుండా తన వంక చూస్తే ఆట. లేకపోతే ఆటా లేదు, పాటా లేదు."

"నేను మాలెంని. గారడీవాణ్ని కాను."

"గారడీవాడికి ఓపికుంటుందిలే."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపు ఓరగా వేసి, ఎవరూ తిరిగి తీసుకుపోని జోళ్లలోంచి ఒక పాత ఎడమకాలి జోడు తీశాడు. ఉన్ని కూరి మూతి కుట్టాడు. కుట్టు మాత్రం పెళ్లికొడుకు జోడుకు వేసినంత నీటుగా వేశాడు, అది ఆయన రోగం. జోడు ఒక కొస కుక్క నోట్లో, ఇంకో కొస తన చేతిలో. గుంజులాట. వదలమంటే వదలాలి, వదిలితే వెంటనే మళ్లీ ఆట. రెండు రోజుల్లో బర్కూక్‌కు ఆ కిటుకు తెలిసిపోయింది.

కష్టమంతా మెచ్చుకోవడంలో వచ్చింది. బూషైబ్ శభాష్ అంటే దొంగను పట్టుకుని గద్దించినట్టుండేది. కుక్క బుట్టలోకి దూరేది.

"గొంతు సన్నగా పెట్టు," అంది హ్నియా.

"ఎంత సన్నగా?"

"నీకు సిగ్గేసేంత."

అలా ఆ సందులో ఎవరూ వినని గొంతొకటి బూషైబ్‌లోంచి బయటికొచ్చింది. గాడిద వస్తున్న చప్పుడవగానే ఆయన జోడు వీపు వెనక దాచేవాడు. బర్కూక్ గాడిదను ఒకసారి, ఆయన్నొకసారి చూసి, ఒళ్లంతా వణుకుతూ చతికిలబడేది. "శభాష్ రా నా ఆల్‌బుకారా," అని ఆయన సన్నగా కూసేవాడు. ఆపైన గుంజులాట. ఇరవై రోజులు తిరిగేసరికి అల్లాల్ తిట్లు మాని సలాం పెట్టడం మొదలెట్టాడు. బూషైబ్ పైకి చెప్పలేదు గాని, ఉదయం కొట్టు తెరిచేటప్పుడు ఆ కుక్క ఎదురొస్తే ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

ఇంత తెలివైన మాలెం ఒక్కటి మరిచిపోయాడు. వేరే వృత్తివాడైతే గుడ్డముక్కో తాడో తీసుకునేవాడు. జోళ్లవాడు కాబట్టి చేతికందింది జోడు. దాంతో బర్కూక్ దృష్టిలో లోకంలోని ప్రతి ఎడమకాలి జోడూ ఆటకు పిలుపే అయిపోయింది.

ఎదురింటి లల్లా ఘీతా మనవడికి పేరుపెట్టే విందు జరిగింది. చుట్టాలంతా గుమ్మంలో జోళ్లు విడిచి లోపల కూర్చున్నారు. వాళ్లు తిని లేచేసరికి కుడికాలి జోళ్లన్నీ బుద్ధిగా ఉన్నాయి, ఎడమకాలివి పందొమ్మిది మాయం. అన్నీ బూషైబ్ కొట్టు ముందు కుప్పగా పడున్నాయి. పక్కన బర్కూక్ చతికిలబడి, ఎవరు ముందు గుంజుతారా అని ఎదురుచూస్తోంది. వాటిలో ఏడు జోళ్లకు కుట్లు ఊడాయి.

పక్క కొట్టు తిహామీదీ అదే వృత్తి. ఊరుకుంటాడా? "బేరాలు లేకపోతే నాకు చెప్పాల్సింది బూషైబ్ గారూ," అన్నాడు నలుగురూ వినేలా. "కుక్కకు జీతమెంతిస్తున్నావ్?"

బూషైబ్‌కు తల కొట్టేసినట్టయింది. ఏడు జోళ్లూ ఊరికే కుట్టిచ్చినా నోళ్లు మూతపడలేదు. బేరాల కోసం కుక్కచేత జోళ్లు పాడుచేయిస్తున్నాడన్న మాట జోళ్లవాళ్ల పెద్ద అమీన్ హాజ్ సల్లాం దాకా పోయింది. వచ్చే శుక్రవారం తనే వచ్చి చూస్తానని ఆయన కబురంపాడు. ఆయన పొమ్మంటే కుక్క పోవాల్సిందే, బూషైబ్‌కు మోసగాడన్న పేరు మిగలాల్సిందే. పేరు పోతుందని దిగులు పడ్డాడు. కుక్క పోతుందని మాత్రం ఏడుపే వచ్చింది, ఉల్లిపాయ తరిగానని సాకు చెప్పాడు. ఆయన జన్మలో ఉల్లిపాయ తరగలేదు.

"ఏడవడానికి ఆరు రోజులు చాలవు గాని, ఆటకు చాలు," అంది హ్నియా. "జోడు పారెయ్. ఉన్నితాడు పేనిస్తా. ఇక జోడు కూడా గాడిదలాంటిదే. దాన్ని చూస్తే కూర్చోవాలి, నీ మొహం చూడాలి. అప్పుడే తాడు."

ఆరు రోజులు ఆయన కొట్టు కట్టేసి, దాన్ని ఆనుకున్న తన ఇంటి వాకిట్లో జోళ్లు పరిచాడు. తనవి, హ్నియావి, అరువు తెచ్చినవి. మోకాళ్ల మీద పాకుతూ, సన్నగా కూస్తూ తాడు లాగాడు. ఈసారి చాటు కోసం ఏ తలుపూ వేయలేదు. తిహామీ రోజూ వచ్చి నిలబడి చూసిపోయాడు.

శుక్రవారం నమాజు కాగానే హాజ్ సల్లాం నలుగురు పెద్దలతో వచ్చాడు. గుమ్మంలో ఐదు జతలు వరసగా విడిచారు. అమీన్‌వి కొత్తవి, తోలు వాసన గుప్పుమంటోంది. లోపల టీ పోశారు, ఎవరూ తాగలేదు. తెర వెనక హ్నియా నిలబడింది.

"కుక్కను వదలవయ్యా," అన్నాడు అమీన్.

బర్కూక్ నేరుగా ఆ కొత్త ఎడమకాలి జోడు దగ్గరికి పోయింది. ముక్కు ఆనించింది. నోరు తెరిచింది. బూషైబ్ వీపు వెనక ఉన్నితాడు బిగించి పట్టుకున్నాడు. కుక్క నోరు మూసింది, వణుకుతూ చతికిలబడి ఆయన మొహంలోకి చూసింది.

ఇప్పుడు శభాష్ అనాలి. ఆ గొంతుతో, మోకాళ్ల మీద, అమీన్ ముందు. ఆలస్యమైతే ఆ చూపు మళ్లీ జోడు మీదికి పోతుంది. బూషైబ్ కిందికి వాలాడు. "శభాష్ రా నా ఆల్‌బుకారా," అని కూశాడు, తాడు చాచాడు. కుక్క ఎగిరి అందుకుంది. పెద్దల్లో ఒకాయన టీ ఒలకబోసుకున్నాడు.

హాజ్ సల్లాం గడ్డం నిమురుకుంటూ ఆ గుంజులాట చూశాడు.

"మనిద్దరం ఒకే గురువు దగ్గర ఏడేళ్లు పనిచేశాం. నీ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు," అన్నాడు. "బేరాల కోసం దొంగతనం నేర్పేవాడు మానడం నేర్పడు. కుక్కను ఉండనీ. ఇంతకీ ఈ విద్య నీకెవరు నేర్పారు?"

తనకే తట్టిందనబోయి బూషైబ్ నోరు తెరిచాడు. తెర కదల్లేదు. ఆయన ఆ వైపు చూశాడు.

"హ్నియా," అన్నాడు. "అంతా ఆవిడే చెప్పింది. నాకేం తెలియదు. ఆవిడ లేకపోతే ఇది లేదు."

అమీన్ గడ్డం మీది చెయ్యి తీసి తెర వైపు తిరిగాడు.

"ఇంకోసారి చెప్పు మాలెం," అంది తెర వెనక నుంచి హ్నియా. "సరిగ్గా వినపడలేదు."

మోకాళ్ల మీద, ఒక చేత్తో తాడు పట్టుకునే, బూషైబ్ మళ్లీ చెప్పాడు. ఈసారి పక్క కొట్టులో తిహామీకి కూడా వినపడింది.