కూలర్ మీద చెయ్యి

కరెంటు పని చేసి బతికే మనిషిని నేను. కరెంటు విషయంలో కల్పించి చెప్పే అలవాటు నాకు లేదు. ఇది జరిగింది... నా చేతికే జరిగింది.

మాది బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్. నేను లోకో షెడ్‌లో టెక్నీషియన్‌ని. మా ఆయన గూడ్స్ బళ్లు నడుపుతారు. ఆ రాత్రి సీపత్ కరెంటు ప్లాంటుకి బొగ్గు బండి తీసుకెళ్లారు. ఇంట్లో నేను, అత్తమ్మ, అప్పుడే పాకుతున్న మా పాప.

మే నెల. గోడలు కూడా కాలుతున్నాయి. హాల్లో కిటికీ దగ్గర మా పాత ఇనప కూలర్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది.

వారం నుంచి అత్తమ్మది ఒకటే మాట.

"ఒలే అమ్మీ, ఆ కూలరు ముట్టుకుంటే ఏటో అవుతంది."

"షాక్ కొడుతోందా అత్తా?"

"షాకైతే నాకు తెల్దేటి? జిల్లుమంటది. ఇది అలగ కాదు... నాకుతంది."

"నాకడమేంటి?"

"కుక్క నాకినట్టు. తడిగా, యెచ్చగా... ఛీ!"

నవ్వేశాను. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒళ్లు హూనమయ్యేది. రేపు చూస్తా, రేపు చూస్తా అంటూ వారం గడిపేశాను. ఆ సాయంత్రం పాప కూలర్ పట్టుకుని లేచి నిలబడబోయింది. కెవ్వుమంది. అత్తమ్మ లాగేసింది. ఇక ఆగలేకపోయాను.

రాత్రి ఎనిమిదిన్నర. టెస్టర్ తెచ్చి కూలర్ రేకుకి ఆనించాను. వెలిగింది... సన్నగా, ఎర్రగా. హమ్మయ్య అనుకున్నాను. షాకే. అయితే కారణం దొరుకుతుంది.

ప్లగ్ పీకి విప్పాను. ఎర్త్ వైరు తగిలించనే లేదు. లీకైన కరెంటుకి భూమిలోకి పోయే దారి లేదు, అంతా రేకు మీదే. మరి లీకు ఎక్కడ? కూలర్ వెనక గడ్డి బిగించిన తలుపు తీశాను.

వాసన... కుళ్లిన గుడ్డు వాసన. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. పైన జిగురు, మీగడ కట్టినట్టు. చెయ్యి పెడితే వేళ్ల మధ్య సాగింది. పంపు పక్కన ఏదో మెత్తగా తగిలింది. గడ్డి ఊడి పడిందనుకుని పట్టుకుని లాగాను.

ఎలుక. ఉబ్బిపోయి ఉంది. బొచ్చు ఊడి నా వేళ్లకి అంటుకుంది. దాని పళ్లు ఇంకా పంపు వైరులోనే దిగి ఉన్నాయి.

ఆ నీళ్ల గాలే ఇన్నాళ్లూ మేం పీల్చింది. ఆ గాలిలోనే కూర్చుని అన్నాలు తిన్నాం. ఆ తుంపర్లే పాప పెదాల మీద... పెరట్లోకి పరిగెత్తి కక్కేశాను.

అయినా పని వదల్లేదు. నీళ్లు పారబోసి, ఫినాయిలు పోసి రెండుసార్లు కడిగాను. తెలిపారా బజార్లో కొని ఉంచిన కొత్త పంపు బిగించాను. ఎర్త్ వైరు కలిపాను. మంచినీళ్లు నింపి స్విచ్ వేశాను. నాలుగు వైపులా టెస్టర్ పెట్టి చూశాను. ఎక్కడా వెలగలేదు.

"ఇలా చూడు అత్తా. అయిపోయింది."

ముందు వేళ్ల వెనక వైపుతో తాకాను. అది మా పనివాళ్ల అలవాటు. ఏమీ లేదు. అప్పుడు ధీమాగా అరచెయ్యి ఆనించాను.

చల్లటి రేకు... అంతే.

తర్వాత... అరచేతి కింద ఏదో కదిలింది. మణికట్టు నుంచి వేళ్ల దాకా. నెమ్మదిగా... వెచ్చగా... గరుకుగా. తడిగా.

షాక్ కొడితే కండరం బిగుస్తుంది. చెయ్యి విసిరికొడుతుంది. నా చెయ్యి వదులుగానే ఉంది. అయినా తీయడానికి ఒక క్షణం పట్టింది.

ప్లగ్ పీకేశాను. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. లోపల నీటి చుక్కలు... టప్... టప్... ప్లగ్ పీకినా మోటారు దగ్గరుండే కెపాసిటర్ కాసేపు కరెంటు దాచుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్నీ ఖాళీ చేశాను. చిటుక్కుమంది. ఇక అందులో కరెంటు లేదు. ఉండడానికి వీల్లేదు.

ఎండు చెక్క మీద నిలబడి మళ్లీ చెయ్యి పెట్టాను.

ఈసారి... వేళ్ల సందుల్లోకి కూడా వచ్చింది.

అత్తమ్మ నా ముఖమే చూస్తోంది.

"నాకిందా?"

"ఊఁ."

నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకి కడిగినట్టు సబ్బు రాసి కడిగింది.

"వారం దినాలు నాను ఇలగే కడుక్కున్నాను. సెప్తే నవ్వినావు. ఇంక ఎవులికి సెప్పను?"

చేతులకి గోనెపట్టాలు చుట్టుకుని ఇద్దరం దాన్ని పెరట్లోకి ఈడ్చేశాం. ఆ రాత్రంతా ఉక్కలోనే పడుకున్నాం.

మర్నాడు షెడ్‌లో మా సీనియర్‌కి చెప్పాను. "కెపాసిటర్లో చార్జి మిగిలుంటుందమ్మా," అన్నారు. ఖాళీ చేశానన్నాను. "అయితే ఎలుకని పట్టుకున్నావు కదా, ఆ రోత ఇంకా చేతిని వదల్లేదేమో." కావచ్చు. కానీ అత్తమ్మ ఎలుకని పట్టుకోలేదే?

ఆదివారం పాత ఇనుము కొనే కబాడీ అతను వచ్చాడు. పెరట్లో కూలర్ చూసి ఆగిపోయాడు.

"దీదీ, యే దే దో నా," అన్నాడు, ఇది నాకిచ్చెయ్యవా అని.

"షాక్ మార్తా హై, భయ్యా," షాక్ కొడుతుందన్నాను.

ఫరవాలేదు, బాగు చేయించుకుంటానన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారట, ఎండకి నిద్రపోవడం లేదట. ఎంతో బతిమాలాడు. ఇవ్వలేదు. పిసినారిదనుకుని వెళ్లిపోయాడు.

షాకే అయితే నేనే బాగు చేసి ఇచ్చేదాన్ని. మిగతాది అతనికి ఏమని చెప్పాలి... నాకిప్పటికీ తెలియదు.