గ్యాస్ గోలీని ఎవరూ మందు అనుకోరు

మిర్యాలగూడలో పెళ్లి. పెళ్లికొడుకు పుస్తె కడుతున్నాడు, నేను కెమెరాతో ఎదురుగా ఉన్నాను. సరిగ్గా అప్పుడే నా కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. నొక్కాల్సిన వేలు కదలదు. మూడు ముళ్లూ అయిపోయాయి. నా దగ్గర మిగిలింది అంతకుముందు తీసిన అయ్యగారి వీపు.

పెళ్లికూతురి మేనమామ పక్కకొచ్చి మెల్లగా అడిగాడు: "మళ్ల కట్టమంటవా ఏందన్నా?"

మాది కోదాడ. ఫొటోలే బతుకుదెరువు. బీఎస్సీ కెమిస్ట్రీ పట్టా కూడా ఉంది గానీ, దాన్ని చూసి ఎవరూ పెళ్లికి పిలవరు. చెయ్యి పోతే ఇల్లు గడవదు.

కోదాడ డాక్టర్ నరాల బలహీనత అని విటమిన్లు రాశారు. పిక్కలు కూడా పట్టేయడం మొదలైంది. గుండె దడ అని మిర్యాలగూడ వెళ్తే ఈసీజీ తీసి, టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. ఎట్లా పెట్టుకోకూడదో రాయలేదు. సూర్యాపేటలో క్యాల్షియం తక్కువని తేలింది. నెలల తరబడి మింగాను. అది పెరగలేదు. చుట్టాలంతా మాత్రం ఒకే మాట మీదున్నారు: గ్యాస్.

ఒకరోజు ఇంట్లోనే రెండు చేతులూ, మూతీ బిగుసుకుపోయాయి. నా భార్య సరిత మళ్లీ సూర్యాపేటకే, ఈసారి వేరే దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ బీపీ పట్టీ బిగించి కాసేపు అట్లాగే ఉంచారు. చెయ్యి మళ్లీ కొంకరపోయింది. ఆమె తృప్తిగా తలూపారు. నాకంత తృప్తి కలగలేదు.

"ఇంట్లో ఏం మందులు వాడుతున్నారు?"

క్యాల్షియం తప్ప ఏం లేవన్నాను. ప్రతి డాక్టరుకూ ఇట్లాంటి జవాబే చెప్పాను.

"రోజూ పొద్దుగాల గ్యాస్ గోలీ ఏసుకుంటడు మేడమ్," అంది సరిత. "ఏండ్లసంది."

పెళ్లిళ్లలో పగటి భోజనం సాయంత్రం తినే వృత్తి నాది. ఆ గోలీ నాకు పళ్లు తోముకోవడం లాంటిది.

"మెగ్నీషియం ఎవరైనా చూశారా?" అని అడిగారామె. ఎవరూ చూడలేదు. ఆమె రక్తపరీక్ష చేయిస్తే, రిపోర్టులో అది బాగా కిందికి పడిపోయి ఉంది. "కడుపులో యాసిడ్ తయారుకాకుండా ఆపే గోలీ అది. కొందరికి ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం ఇట్ల పడిపోతది. మెగ్నీషియం లేకుండా క్యాల్షియం ఎంత మింగినా నిలవదు."

కాలేజీ ల్యాబ్‌లో మెగ్నీషియం రిబ్బన్ కాల్చి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది నా ఒంట్లో కూడా ఉండాలన్న సంగతి పరీక్షకు రాలేదు.

కిడ్నీలు బాగున్నాయని చూసుకుని సెలైన్‌లో మెగ్నీషియం మెల్లగా ఎక్కించారు. వీడియో లైటు ముందు నిలబడ్డట్టు ఒళ్లంతా వేడి. వేళ్లు వదులయ్యాయి. తర్వాత మెగ్నీషియం గోలీలిస్తే విరేచనాలు పట్టుకున్నాయి; మండపం కన్నా బాత్రూమ్ దగ్గరే ఎక్కువ గడిపాను. డోసు తగ్గించారు. గ్యాస్ గోలీ ఆపించి వేరే రకం మందు ఇచ్చినా, వారాల పాటు ఛాతీ మండింది. ఒక్కటేసుకుంటే ఏమైతదని చుట్టాలు మళ్లీ మొదలుపెట్టారు.

ఇప్పుడు చెయ్యి బాగుంది. మొన్న అదే మిర్యాలగూడ కుటుంబంలో చిన్నమ్మాయి పెళ్లికి నన్నే పిలిచారు. వేరే ఫొటోగ్రాఫర్ దొరకలేదనే అనుకుంటున్నాను. పుస్తె కట్టినంతసేపూ ఆ మేనమామ మండపం చూడలేదు, నా చెయ్యే చూశాడు. తెర మీద మూడు ముళ్లూ చూపించాను. తృప్తిపడి, ఛాతీ రుద్దుకుంటూ జేబులోంచి గోలీ తీసి వేసుకున్నాడు. రోజూ వేసుకుంటాడట.

మీకు చెప్పేదే ఆయనకూ చెప్పాను. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే ముందు గ్యాస్ గోలీ సంగతి చెప్పండి. సొంతంగా ఆపకండి, అడిగి ఆపండి.

"గ్యాస్ గోలీ మందెట్లయితదన్నా?" అన్నాడు.