తుప్పు కడిగిన పండగ

తుప్పుకు కూడా పుస్తకం ఉంటుందని తెలిసి మురిసిపోయిన వయసు అది. అప్పట్లో నంద్యాలలో ఒక జిరాక్సు అంగట్లో పనిచేస్తూ, సాయంత్రం కాగానే గ్రంథాలయంలో వాలిపోయేవాణ్ణి. ఫలానా విషయమనే పట్టింపు లేదు, తేనెటీగల పెంపకం నుంచి ఓడల నిర్మాణం దాకా ఏది దొరికితే అది చదివేవాణ్ణి. (నంద్యాలలో ఓడలతో నీకేం పనని గ్రంథపాలకుడు ఒకసారి అడిగాడు. వెలుగోడు రిజర్వాయరు ఉంది కదా సార్ అన్నాను.) ఒకనాడు ఎవరో దానమిచ్చిన పుస్తకాల గుట్టలో రంగుల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికి తగిలింది. బొటనవేలంత లోహపు బొమ్మలు: కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకున్న రాక్షసులు, మరుగుజ్జులు. వాటిని రెండు సైన్యాలుగా బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేస్తూ, టేపుతో దూరం కొలుస్తూ యుద్ధమాడతారట. నన్ను పట్టేసింది ఆట కాదు, ఆ బొమ్మలకు రంగులు వేసే పద్ధతి. కొత్త కవచాన్ని మొదట నిగనిగలాడించి, ఆ తర్వాత పనిగట్టుకుని తుప్పు పట్టించాలట! నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని కంఠస్థం చేశాను. అయితే రంగులు వేయడానికి బొమ్మలేవి?

ఆ కొరత ఆళ్లగడ్డలో తీరింది. మా మామ అక్కడ రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఆ వీధికే చెందిన నా ఈడువాడొకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఈ ఆటలో మునిగిపోయాడు. వాణ్ణి అందరం ‘బెంగళూరు’ అనే పిలిచేవాళ్ళం. వినాయక చవితికి వచ్చినప్పుడు నా పాండిత్యమంతా ఓపిగ్గా విని, రంగు వేయని రాక్షసుల పెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. “చదివింది చాలు గానీ, చేసి చూపిచ్చు. దసరాకొచ్చి చూస్తా. బాగుంటే డ్రాగన్ గూడా నీకే ఇస్తా” అన్నాడు. ఆ డ్రాగన్ను వాడి ఫోనులో చూశాను. పావురమంత ఒళ్ళు, ఒళ్ళంతా పొలుసులు, ఒక్కో పొలుసుకూ ఒక నీడ వేయొచ్చు. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

అద్దెగదిలో చోటు చాలక, సెలవు దొరికినప్పుడల్లా ఆళ్లగడ్డ బస్సెక్కి మామ ఇంటి వసారాలో కూర్చునేవాణ్ణి. ముందు నల్లటి అడుగుపూత. అది ఆరాక ఇనుము రంగు. ఆపైన నీళ్ళలా పలచన చేసిన నలుపు. అది సందుల్లోకి జారి, అక్కడే నీడలా ఆగిపోతుంది. తర్వాత కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగే లేదనిపించాక అంచుల మీద ఆడిస్తే, అరిగిన ఇనుము మెరుపు ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది. (మొదటిసారి అది జరిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను.) ఆఖరున ఇటుక పొడితో తుప్పు, అంతా కుదిరాక, చెరిగిపోకుండా దాని మీద వార్నిష్. మామ ఉలి పక్కన పెట్టి వంగి చూసేవాడు. “యాడన్నా చిన్న బీట పడితే దేవునికి పనికిరాదని పక్కన పెడతాం మేము. నువ్వేందబ్బీ, కావాలని తుప్పు పట్టిచ్చాండావ్?” అనేవాడు. “అదే పద్ధతి మామా, పుస్తకంలో ఉంది” అనేవాణ్ణి గర్వంగా.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు సాయంత్రం వస్తానన్నాడు ‘బెంగళూరు’. వార్నిష్ ఒక్కటే మిగిలింది. పొద్దున్నే సీసా మూత తీశాక అనుమానం పట్టుకుంది: తుప్పు నిజంగా ఇంత ఎర్రగా ఉంటుందా? పుస్తకంలో చూడ్డమే గానీ, అసలు తుప్పును నేనెప్పుడైనా నింపాదిగా చూశానా? అప్పుడే గుర్తొచ్చింది. ఇవాళ ఊరు ఊరంతా బండ్లూ పనిముట్లూ కడుగుతుంది. మధ్యాహ్నానికల్లా ఆళ్లగడ్డలో చూద్దామన్నా తుప్పు దొరకదు! గొడ్డలి రాక్షసుణ్ణి చొక్కా జేబులో వేసుకుని పరుగెత్తాను.

వీధి చివర ఒకాయన అప్పటికే పైపుతో ట్రాక్టరు కడుగుతున్నాడు. నేను వంగి, వెనక ఉన్న నాగలి కర్రు పక్కన రాక్షసుణ్ణి పెట్టి చూస్తున్నాను.

“ఏందప్పా, ఏం చూస్తాండావ్ ఆడ?”

“తుప్పు చూస్తాండా అన్నా.”

“నా నాగలికి తుప్పు పట్టిందని ఊరంతా చెప్పేదానికా?”

“కాదన్నా. బాగుంది. శానా బాగుంది.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పైపు పక్కకు తిప్పాడు. “తొందరగా చూసుకో మరి. పూజకు టైమైతాంది.”

పాత ఇనుము కొట్టు భాయ్ మాత్రం “మా కొట్లో తుప్పు యాడికీ పోదు, నిదానంగా చూస్కో” అని స్టూలు వేశాడు. ఎరుపు ఒక్కటే కాదు, నలుపూ నారింజా కూడా ఉన్నాయి. అన్నీ మనసులో ముద్రించుకుని, ఇక దిద్దుకోవడమే తరువాయి అని ఇంటికొచ్చాను.

వసారాలో మామ ఉలులూ సుత్తులూ పసుపు కుంకుమలతో వరసగా కూర్చున్నాయి. వాటి పక్కన నా రాక్షస సైన్యం. కడిగిన ఇత్తడి చెంబుల్లా తళతళలాడుతోంది. ప్రతి నుదుటా బొట్టు, ప్రతివాడి కాళ్ళ దగ్గరా బంతి రేకు.

“చింతపండేసి పీచుతో రుద్దినా నాయనా” అంది అత్త, నుదుటి చెమట తుడుచుకుంటూ. “ఎన్నాళ్ళ మురికో ఏమో, ఊడనంటాంది.”

“అత్తా! అది మురికి గాదు, నేనే వేసినా!”

“నువ్వే వేసినావా? ఎందుకు?”

“పుస్తకంలో అట్లనే ఉందత్తా.”

“చేతిలో కత్తీ గొడ్డలీ ఉండాయి గదా” అంది అత్త. “ఆయుధం పట్టుకున్నోడెవడైనా ఈ దినం మురికితో కూర్చుంటే ఎట్ల?”

‘బెంగళూరు’ వచ్చేసరికి నేను గోడకానుకుని కూర్చుని ఉన్నాను. వాడు ఒక రాక్షసుణ్ణి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “తుప్పు పట్టిచ్చమంటే బొట్టు పెట్టిచ్చినావు గదరా!” నవ్వాడు గానీ, అది మెచ్చుకున్న నవ్వు కాదు. నాకు డ్రాగన్ ఎగిరిపోతున్న చప్పుడు వినిపించింది. జేబులో మిగిలిన గొడ్డలివాణ్ణి తీసి వాడి అరచేతిలో నిలబెట్టాను. వాడు వెలుతురులోకి నడిచాడు. భుజం మీద వేలితో తాకాడు. ఆ వేలు వాసన చూశాడు.

“ఇనుము వాసన రాలేదే!” అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి.

నా జీవితంలో ఇంతకు మించిన యోగ్యతాపత్రం నాకెవరూ ఇవ్వలేదు.

వాడు బయటికెళ్ళి బండిలోంచి పెట్టె తెచ్చాడు. తెచ్చాడే గానీ చేతికివ్వకుండా అత్త వైపు బెదురుగా చూస్తూ నిలబడ్డాడు. అత్త మూత తీసి డ్రాగన్ను పైకెత్తింది. గోళ్ళు చూసింది, రెక్కలు విప్పి చూసింది, తోక కింద కూడా చూసింది.

“దీని చేతిలో ఆయుధమేం లేదప్పా” అని తేల్చింది. “పూజలోకి రాదు. ఇచ్చిపో.”

ఆ డ్రాగన్ పూర్తయ్యేసరికి ఉగాది దాటింది. ఇప్పుడు నాకు సొంత స్కూటరు ఉంది. ఏటా ఆయుధపూజ నాడు బకెట్టుతో దాని ముందు గొంతుక్కూర్చుంటాను. మడ్గార్డు కింద బురద ఒకచోట ఎర్రగా, ఒకచోట బూడిదగా, బోల్టు చుట్టూ మాత్రం నల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఏ రంగు ముందు వేయాలో, ఏది పైన వేయాలో లెక్కేసుకుంటూ ఉండిపోతాను.

“కడుగుతాండావా, చదువుతాండావా?” అని లోపల్నుంచి మా ఆవిడ కేకేస్తుంది.

“చదువుతాండా” అంటాను. ఇంకొంచెం చూసి, మనసొప్పకపోయినా నీళ్ళు పోస్తాను.