ఉంగమ్మ తొట్టిలో ఒంటరి నత్త

1943వ సంవత్సరం. బస్తర్ ఇంకా సంస్థానంగానే ఉంది. నేను భేజ్జికి ఇవతల, సరిహద్దు దగ్గర ఒక సంత ఊళ్లో సంస్థానం వారి దవాఖానాలో కాంపౌండరుగా ఉండేవాణ్ని. కాంపౌండరు అంటే డాక్టరు రాసిన మందును కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. మా డాక్టరు గారు దంతెవాడలో ఉండి, ఎప్పుడో రెండు మూడు నెలలకోసారి ఎడ్లబండి మీద వచ్చిపోయేవారు. మిగిలిన రోజుల్లో మందు రాసేదీ నేనే, కలిపేదీ నేనే, పుళ్లు కడిగేదీ, గది ఊడ్చేదీ నేనే. డాక్టరు గారితో హిందీ, సంతలో హల్బీ, రోగులతో తెలుగూ దొర్లీ. పొద్దున లేస్తే నాలుగు భాషల్లో తిట్లు తినే ఉద్యోగం అది. యుద్ధం మూలంగా క్వినైన్ సరిగ్గా రాక, ఆ తిట్లు రెట్టింపయ్యాయి. అయినా ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో అంత సుఖంగా బతికిన రోజులు మళ్లీ రాలేదనిపిస్తుంది.

ఆ ఎండాకాలం ఒక సంత రోజున ఉంగమ్మ వచ్చింది. పక్క పల్లెలో ఒంటరిగా ఉండే విధవ, నలభై దాటిన మనిషి. మడమ మీద పుండు. సంత రోజు మా వరండాలో నిలబడడానికి చోటుండదు. అలాంటిది ఆవిడ వచ్చి కూర్చోగానే ఆ పల్లెవాళ్లంతా లేచి ఎండలోకి వెళ్లి నిలబడ్డారు. పుండు వాసనకేమో అనుకున్నాను. కార్బాలిక్ నీళ్లతో కడుగుతూ, "ఇంత కంపు లేదే, ఎందుకలా పారిపోయారు?" అన్నాను.

"పుండు వాసనకు గాదు బాబు," అంది. "వాళ్లకు నేనే పడత లేను. నన్ను వెలేసిండ్రు."

ఆ పల్లె పక్కన ఒక వాగు ఉంది. ఎండాకాలం వాగు ఎండిపోయి ఒక మడుగు మిగులుతుంది. అందులోని చేప, రొయ్య, నత్త మొత్తం ఊరిది. వాగు పారడం ఆగిన రోజు నుంచి పూజారి చెప్పిన రోజు దాకా మడుగులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ రోజున పటేలు ముందు దిగుతాడు, ఆయన వెనక బుట్టలూ వలలూ పట్టుకుని ఊరంతా దిగుతుంది. కట్టడి దాటి ముందే తీసినవాళ్లను వెలి వేస్తారు. వెలి అంటే ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, ఆ ఇంటి నీళ్లు తాగరు, మడుగులోకి దిగనివ్వరు.

ఉంగమ్మ ఇంటి ముందు ఒక రాతి తొట్టి ఉంది. రెండేళ్ల కిందట వరద తీసినప్పుడు గట్టు మీద ఒక నత్త దొరికితే, పాచి తింటుందని తెచ్చి అందులో వేసింది. గుండ్రటి కూర నత్త కాదు, పొడుగ్గా, మొనదేలి, మర మేకులాగా ఉండే రకం. "పొద్దుగాల లేస్తే ఇంట్ల పలకరించేటందుకు ఎవరుండ్రు? దాన్నే పలకరిస్త," అంది. ఈ ఎండాకాలం పొరుగింటామె తొట్టి కడగడానికి సాయం వచ్చి అడుగున పేరుకున్న ఇసుక తోడింది. ఆ ఇసుకలోంచి దోసెళ్లకొద్దీ నత్తలు బయటపడ్డాయి. వేలి గణుపంత వాటి నుంచి ఆవగింజంత వాటి దాకా ఉన్నాయి. అవతల మడుగు కట్టడిలో ఉంది. కబురు పటేలుకు చేరడానికి ఎంతసేపు?

"ఒక్కటే ఏసిన అని చెప్పిన. ఒక్కటే ఏస్తే ఇన్ని ఎట్లయినయి అన్నడు పటేలు. నాకేం ఎరుక, దాన్నే అడుగు అన్న. దానికి కోపమొచ్చింది ఆయనకు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది.

"నువ్వు గూడ నవ్వుతవేంది బాబు? తీసిన్నని ఒప్పుకొని, పంది కోసి ఊరికి పెడితే రేపే కలుపుకుంటమన్నరు. తియ్యంది తీసిన్నని ఎట్ల చెప్త?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు, ఒట్టి మొండితనం ఉంది. నాకూ మొండితనం తక్కువేం కాదు గనక ఆవిడ మీద అప్పుడే అభిమానం పుట్టింది. నమ్మకం మాత్రం పుట్టలేదు.

తర్వాతి సంతకు పటేలు కన్నయ్య జ్వరం మందు కోసం వచ్చాడు. దురుసు మనిషి కాదు. ఊళ్లో ఎవరింట్లో ఎప్పుడు గింజలు నిండుకుంటాయో తెలిసిన పెద్ద. నేను ఉంగమ్మ మాట ఎత్తగానే నిట్టూర్చాడు.

"ఆమె మీద నాకు పగేంది బాబు? ఇయ్యాల ఆమెను ఇడిస్తే రేపు మడుగుల చేప పిల్ల మిగలదు. ఆకలి అందరిండ్లల్ల ఉన్నది. మగది లేకుంట ఒక్కతే పిల్లల్ని కంటదా ఏడన్న? మందులిచ్చేటోనివి, నువ్వే చెప్పు."

జ్వరం మందు సీసాలో పోసి చేతికిచ్చాను.

ఆ నెలలో డాక్టరు గారు వచ్చారు. రాయపూర్ వైపు మనిషి, ముక్కోపి. విషయం వినగానే "ఐసా భీ హోతా హై క్యా?", ఇలా కూడా జరుగుతుందా, అని కసిరారు. భోజనం చేసి, పడుకుని లేచాక ఆయనే నన్ను పిలిచి కూర్చోబెట్టారు. చదువుకునే రోజుల్లో ఒక మాట విన్నారట. నీళ్లలో బతికే కొన్ని చిన్న ప్రాణుల్లో మగదానితో పని లేకుండా ఆడది ఒక్కతే పిల్లల్ని కంటుందట. దాని పేరు పార్థినోజెనెసిస్. నత్తల్లో ఉందో లేదో ఆయనకు తెలియదు. "తెలియనప్పుడు చూడాలి. చూడడం పద్ధతిగా చూడాలి," అన్నారు.

పద్ధతి ఆయనే చెప్పారు. తొట్టిలోని నత్తను అలాగే తెచ్చి పెడితే లాభం లేదు, అది ఇన్నాళ్లూ మిగతావాటి మధ్య ఉంది. అది కన్న పిల్లను, కన్న వెంటనే వేరు చేసి, ఇంకో జాడీలో ఒంటరిగా పెంచాలి. స్పెసిమన్ జాడీ అని మా దగ్గర ఉండేది, ఒంట్లోంచి కోసి తీసిన వాటిని స్పిరిట్‌లో దాచే వెడల్పు మూతి గాజుసీసా. దాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, పెనం మీద మాడ్చిన ఇసుక. దాని పక్కనే అవే నీళ్లు, అదే ఇసుకతో ఇంకో జాడీ, నత్త లేకుండా. దాన్ని కంట్రోల్ అంటారు. పిల్లలు నీళ్లలోంచో ఇసుకలోంచో పుట్టుకొస్తే ఈ ఖాళీ జాడీలో కూడా రావాలి కదా.

పటేలును పిలిచి ఇదంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు, ఖాళీ జాడీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఏం లేని సీసకు కావలి ఎందుకు బాబు?"

"అందులో ఏమీ రాకపోతేనే పటేలా, ఇందులో వచ్చింది నిజమని తెలిసేది."

ఖాళీ జాడీని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "అయితే రెంటికీ నేనే ముడేస్త," అన్నాడు. ఉంగమ్మ తెచ్చిన పెద్ద నత్తను ఒక జాడీలో ఉంచాం. అది పిల్లల్ని బయటికి వదిలినప్పుడు వాటిలో ఒకదాన్ని కోడి ఈక మొనతో తీసి ఇంకో జాడీలోకి మార్చాను. ఆవగింజంత ప్రాణి. పటేలు జాడీ మూతికి గుడ్డ కట్టి, తన చేత్తో ముడివేసి, ముడి మీద లక్క కరిగించి పోశాడు. సంతకోసారి ఆయన ఎదుట విప్పి, ఉడికించిన తోటకూర ఆకు వేసి, మళ్లీ ముడి, మళ్లీ లక్క. ఖాళీ జాడీకి కూడా ఒక ఆకు.

ఆ ఏడాది మడుగు ఉంగమ్మ లేకుండానే దిగారు. ఆ రోజు ఆవిడ మా వరండాలో కూర్చుని, పుండు మానిపోయినా మళ్లీ కట్టు కట్టమని అడిగింది. కట్టాను. ఇంకేం చెయ్యను?

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ముసురులో తడిసి ముద్దై, కొంగు చాటున పిడత పట్టుకుని ఉంగమ్మ వచ్చింది. పొయ్యిలో ఆరకుండా కాపాడుకుంటున్న మొద్దు, కప్పు కారి ఆరిపోయింది. ఆ రోజుల్లో అగ్గిపెట్టె దొరకడం కష్టం. చుట్టూ అన్ని ఇళ్లలో పొగ లేస్తుంటే, ఆవిడ నిప్పు కోసం వాగు దాటి నా దగ్గరికి వచ్చింది. సూదులు ఉడకబెట్టే కుంపటి లోంచి నిప్పులు తీసి, బూడిద కప్పి పిడతలో పోశాను. పిడత మీద మోదుగాకు గొడుగులా పట్టుకుని, వంగి, తన ఒంటితో దానికి వాన తగలకుండా నడిచి వెళ్లింది. ఇంత వయసొచ్చినా ఆ నడక నా కళ్ల ముందునుంచి పోలేదు. వెలి అన్న మాట అంతకు ముందు నేను చాలాసార్లు విన్నాను, అంతే. దాని బరువేమిటో ఆ మధ్యాహ్నం చూశాను, ఏడ్చాను కూడా.

చలికాలం వచ్చింది. నత్త పెరుగుతోంది గానీ మా తొందర దానికేం పట్టింది? నేను విసుక్కునేవాణ్ని. పటేలు విసుక్కోలేదు. మొదట్లో మందు కోసం వచ్చి జాడీ చూసేవాడు, పోను పోను జాడీ కోసం వచ్చి మందు అడగడం మర్చిపోయేవాడు. "ఇయ్యాల ఆకు సరిగ తిన్లే, ఏందో మరి," అని దిగులు పడేవాడు కూడా. ఖాళీ జాడీని మాత్రం అనుమానంగా చూసేవాడు.

మోదుగులు పూసిన రోజుల్లో ఒక సంతకు ఆయన జాడీని వెలుతురుకు ఎత్తి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"బాబు," అన్నాడు మెల్లగా, "ఇసుక నడుస్తంది."

హ్యాండ్ లెన్స్ అంటే చేత్తో పట్టుకుని చూసే భూతద్దం. అది తెచ్చి పెట్టాను. గాజు మీద ఇసుకరేణువుల్లాంటి నత్తలు, మొనదేలిన గుల్లలతో సహా, పైకి పాకుతున్నాయి. ముడి మీద లక్క చెక్కు చెదరలేదు. ఖాళీ జాడీలో ఇసుక తీసి తెల్ల గుడ్డ మీద పరిచి చూశాం. ఏమీ లేదు. నాకైతే గంతులు వెయ్యాలనిపించింది. పటేలు మాత్రం మెట్టు మీద కూలబడ్డాడు.

నాకు పుల్లవిరుపు బుద్ధి ఒకటుంది, ఊరుకోలేకపోయాను. "దీన్నిబట్టి ఆవిడ తియ్యలేదని తేలదు పటేలా. ఆవిడ చెప్పింది జరిగేదేనని మాత్రం తేలింది," అన్నాను.

"ఆమె చెప్పింది అయ్యేదే అయితే, కాదన్నది నేనే గద," అన్నాడు. "ఏడాది ఆ ఇంటికి నిప్పియ్యలే బాబు. వానల గూడ ఇయ్యలే."

ఆ సాయంత్రమే ఉంగమ్మ ఇంటికి వెళ్లి తొట్టిలో నీళ్లు ముంచుకుని తాగాడట. ఇది పటేలు చెప్పిన సంగతే. ఆవిడ ఎన్నడూ చెప్పలేదు.

మడుగు దిగే రోజున నన్ను రమ్మన్నారు. దవాఖానాకు తాళం వేసి వెళ్లాను. గట్టు నిండా జనం, బుట్టలు, వలలు. పూజారి కోడిని కోసి, ఇప్పసారా నేల మీద ధార పోశాడు. ముందు దిగాల్సిన పటేలు దిగలేదు. జనం వైపు తిరిగి, "తప్పు నాది. ఈయేడు ముందు ఉంగమ్మ దిగాలె," అన్నాడు. ఆవిడ అందరికంటే వెనక, అలవాటైన దూరంలో నిలబడి ఉంది. దారి ఇచ్చారు. బుట్ట చంకన పెట్టుకుని వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా వెళ్లి ఆగింది.

బుట్ట ముంచలేదు. చాలాసేపు నీళ్లనే చూసింది. వెళ్లిపోతుందేమోనని నాకు భయమేసింది. ఏడాదిపాటు దాచుకున్న తిట్లన్నీ తిడుతుందేమో అనిపించింది, తిట్టినా తప్పు లేదు. చివరికి ఇటు తిరిగింది.

"నత్త ఒక్కతే బతుకుతది," అంది. "నాకు చాతగాలే. ఏంది చూస్తరు? రండ్రి."

ముందుగా దిగింది తొట్టి కడిగిన ఆ పొరుగింటామె. ఆమె వెనక ఊరంతా కేకలేస్తూ దిగింది, బురదతో మడుగంతా ఎర్రగా అయిపోయింది. పటేలు అందరికంటే ఆఖర్న దిగాడు. నేను గట్టు మీద బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, దిగాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఎవరో చెయ్యి పట్టి లాగారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, చాలా దవాఖానాల్లో పనిచేశాను. కుష్ఠు రోగుల్ని చూశాను, క్షయ రోగుల్ని చూశాను, ఏ రోగమూ లేకుండా వారం వారం వచ్చి కట్టు కట్టమనే వాళ్లనీ చూశాను. నత్త గురించి డాక్టరు గారు చెప్పిన పెద్ద పేరు నా రోగులెవరికీ పనికి రాలేదు. ఆవిడ మాట పనికొచ్చింది. దవాఖానా మెట్టెక్కిన మనిషిని ఎక్కడ నొప్పి అని అడిగే ముందు, "నీతో ఎవరొచ్చారు?" అని అడిగేవాణ్ని. ఎవరూ రాలేదు అంటే, వాళ్లను తొందరగా పంపేవాణ్ని కాదు.