తడి అడుగులు

మా బొగ్గుగనుల దవాఖానల నడుములోతు వేడినీళ్ల హౌజు ఉండేది. దానికి కాపలా ఉన్న ముసలాయనను నేనెన్నడూ నమ్మలే. ఆయన కూడా ఎవ్వరినీ నమ్మకపోతుండె.

ఆ హౌజు కార్మికుల ఇండ్లల్ల కీళ్లనొప్పులున్నోళ్లకే. ఉత్తగనే వేడినీళ్ల స్నానానికి అబద్ధమాడి వస్తరని ఆయన అనుమానం. అందుకే వచ్చినోళ్ల కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి, "జర నడువుండ్రి" అనేటోడు. బండల మీద పడ్డ తడి అడుగులను వంగి చూసి, రెండూ సమంగ ఉంటే వాపసు పంపేటోడు. తను మాత్రం స్టూలు మీదికెల్లి లేవకపోతుండె.

మా అవ్వకు మోకాళ్లు వాచి ఏడాదైంది. కానీ వరుసల నిలబడ్డ మొగోళ్ల ముంగట కుంటుడు నామోషీ అనుకొని, పండ్లు బిగవట్టి సక్కగ నడిచింది.

"నీకేం నొప్పి లేదు, పోమ్మా" అన్నడు.

ఆఫీసర్ల ఇంటోళ్లను చాటుంగ హౌజుల దింపుతుండని నా అనుమానం. పట్టుకుందామని తెల్లారి హౌజు తెరవకముందే అవ్వను తీసుకొని పోయి, తలుపు నూకిన. లోపల ఆయనొక్కడే స్టూలు మీద కూసున్నడు. ధోతికెల్లి నీళ్లు కారుతున్నయి. హౌజు కాడికెల్లి స్టూలు దాక తడి అడుగులు. ఒకటి నిండు పాదం, ఇంకోటి ఉత్త వేళ్లు.

"దవాఖాన పెద్దసారుకు చెప్పకు బిడ్డా. కుంటోడినని తెలిస్తే కొలువుకెల్లి తీసేస్తరు."

అవ్వ కింద కూసొని, కొంగుతోని ఆ అడుగులన్నీ తుడిచింది. తుడిచినంక లేవరాలే.

ఆమెను లేపనీకె ఆయన స్టూలు దిగి, మా కండ్ల ముంగట్నే కుంటుకుంట వచ్చిండు.