ఇంజన్ ముందు పెట్టిన విస్తరి

మా పార్కులో ఒక పాత ఇంజన్ ఉంది. అదంటే నాకు ఒళ్లు మంట. మా ఆయన్ను పొట్టన పెట్టుకున్నది అదే.

బీరంగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో గూడ్సు డబ్బాలను అటూ ఇటూ లాగిన చిన్న ఇంజన్ అది. డబ్బాకూ దానికీ మధ్య దూరి కొక్కెం తగిలించడం మా ఆయన పని. ఒకరోజు ఆయన ఇంకా మధ్యలో ఉండగానే అది వెనక్కి వచ్చింది. తర్వాత ఆ పట్టాలు పీకేశారు. కాలనీవాళ్లు దాన్ని తెచ్చి, ఎర్రరంగు పూసి, సరిగ్గా నా కిటికీకి ఎదురుగా నిలబెట్టారు. పిల్లలు ఆ కొక్కెం పట్టుకుని ఊగుతుంటే కిటికీ మూసేసుకునేదాన్ని.

తీసేయమని సంఘం అధ్యక్షుడి ఇంటి చుట్టూ తిరిగాను. చాయ్ ఇచ్చేవాడు గానీ మాట ఇచ్చేవాడు కాదు.

"జెర సోచాయించక్కా. పోరగాండ్లకు ఖుషీగున్నది, అందరు ఫొటోలు దిగుతున్నరు," అన్నాడు.

"మీ ఇంట్ల మనిషిని సంపినదాని ముంగట నువ్వు దిగుతవా?" అన్నాను.

నా పోరు పడలేక, దసరా పోగానే తుక్కుకు అమ్మేస్తామని ఒప్పుకున్నాడు. ఆ పూట కడుపు నిండా తిన్నాను.

ఈలోగా పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు. ఏటా డాబా మీదే పెట్టేదాన్ని. ఇంజన్ ఎలాగూ పోయేదే కదా, ఈ ఒక్కసారి ఆయన ప్రాణం తీసిన దాని ముందే పెడదామనిపించింది. పొద్దున్నే గారెలు, మటన్ కూర, ఒక గ్లాసు కల్లు తీసుకెళ్లి ఆ కొక్కెం కింద విస్తరి వేశాను. పక్కన దీపం పెట్టాను.

"తుక్కయి పోయేముందు ఆయన బువ్వ ఆయనకు ముట్టనియ్యి," అని దానికి చెప్పి వచ్చాను.

సాయంత్రం బతుకమ్మ ఆడటానికి వచ్చిన ఆడవాళ్లు ఆ విస్తరి చూశారు. ఇక్కడ ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర చూసినా కల్లూ మాంసం పెట్టి మొక్కే ఒక మైసమ్మ గుడి ఉంటుంది. మటన్, కల్లు, దీపం ఒకచోట కనబడితే ఇంకేమనుకుంటారు? మర్నాటికి కొక్కేనికి పసుపు, కుంకుమ. ఆ మర్నాడు వేపమండలు, నిమ్మకాయలు. దసరాకు ఏకంగా మేకపోతు.

అది ఏ అమ్మవారూ కాదు, నా మొగుడికి పెట్టిన కూడు అని ఇంటింటికీ తిరిగి అరిచాను. "గట్లనకక్కా, కండ్లు పోతయి," అని నాకే బుద్ధి చెప్పారు.

మళ్లీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఈసారి చాయ్ కూడా ఇవ్వలేదు.

"ఇగ ఎట్ల తీస్తమక్కా? లారీ డ్రైవర్ చెయ్యి వెయ్యనంటున్నడు. నువ్వు ఆ విస్తరి పెట్టకపోతే ఈపాటికి పోయేది గదా."

ఇప్పుడు దానికి రేకుల కప్పు వేశారు. పొద్దునా సాయంత్రం గంట కొడుతున్నారు. కిటికీ మూసినా ఆ గంట వినబడుతూనే ఉంటుంది.

నిన్న పక్కింట్లోకి కొత్తగా కిరాయికి వచ్చిన అమ్మాయి ఇంజన్ దగ్గర కొట్టిన కొబ్బరిముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అక్కా, మీ ఇంటాయన గీ ఇంజన్ కాడనే పని చేసిండట గదా. ఎంత పుణ్యం చేసుకున్నడో."

ఆ ముక్క ఆ అమ్మాయి చేతిలోనే తిరిగి పెట్టి తలుపు వేసుకున్నాను.