తన పింఛను తానే పెట్టుకున్న వసంతత్త

మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లి ఖాయమైనా మొదటి ఫోను ముహూర్తం పెట్టే అయ్యగారికి పోయేది కాదు, సూర్యాపేటలో ఉండే మా వసంతత్తకు పోయేది. బేరమాడడంలో ఆమెను మించినవాళ్లు హుజూర్‌నగర్ నుంచి హాలియా దాకా లేరు. బట్టల షాపువాడు చీర మడత విప్పకముందే ధర సగానికి దించేది. ఇంత చేసి ఎవరి దగ్గరా ఒక్క జాకెట్ ముక్క తీసుకునేది కాదు. ఆమె షరతు ఒక్కటే. డబ్బులు ముందు ఆమె చేతిలో పెట్టాలి, షాపులో ఆమె కార్డు గీకుతుంది.

వసంతత్త మా నాయన దుర్గయ్యకు చెల్లెలు. ప్రైవేటు బడిలో హిందీ చెప్పేది. ఆమె భర్త సైదయ్య మామ ఆటో నడిపేవాడు. ప్రైవేటు బడికి పింఛను ఉండదు, ఆటోకు అసలే ఉండదు. ఆమెతో పాటు పనిచేసిన జానకి టీచర్ మోకాళ్లు అరిగి బడి మానేసింది. ఆ తర్వాత నెలనెలా తమ్ముడి గడపలో నిలబడి మందుల డబ్బులు అడిగి తెచ్చుకునేది. ఒకసారి తోడు వెళ్లిన అత్త ఇంటికొచ్చి అన్నం తినలేదట. "గట్ల నేను ఎవ్వరినీ అడగ. తోడబుట్టినోన్ని గూడ అడగ" అని మామతో అన్నదట.

మాది గొర్రెలు కాసే కులం. ఆడపిల్లకు పెళ్లి చేస్తే తండ్రి మందలో ఒక గొర్రెను ఆమె పేరు మీద విడిచిపెడతాడు. అది ఈనిన పిల్లలన్నీ ఆమెవే. "పిల్లల్ని అమ్ముకో బిడ్డా, తల్లిని అమ్ముకోకు" అనేవాడు తాత. ఆయన పోయాక మంద అమ్మేసినప్పుడు అత్త వాటా డబ్బులు అత్తకు వచ్చాయి. అది 2003. వాటిని సూర్యాపేటలో కొత్తగా తెరిచిన ఒక బ్యాంకులో డిపాజిట్ వేసింది. వేసినందుకు వాళ్లొక హాట్‌బాక్సు బహుమతిగా ఇచ్చారు. అత్త దాన్ని ఆ సాయంత్రమే పక్కింటి పుష్పాబాయికి అమ్మి, ఆ డబ్బుతో ఇంకో ఖాతా తెరిచి నెలనెలా కొంత వేయడం మొదలుపెట్టింది. మామకు చపాతీలు చల్లగానే దొరికాయి.

మూడేళ్లకు బ్యాంకువాళ్లు ఆ డిపాజిట్ మీదనే క్రెడిట్ కార్డు ఇస్తామన్నారు. తీసుకుంటే ఒక బోనసు, ఏడాదిలో ఇంత కొంటే ఇంకో బోనసు, పండుగలకు కొన్నదాంట్లో కొంత వెనక్కి. మామకు భయమేసింది.

"బ్యాంకోడు ఊకెనే ఎందుకిస్తడే?"

"మనం గడువు దాటితే వడ్డీ గుంజొచ్చని ఆశ వాడికి. మనం దాటం" అంది అత్త.

కానీ హిందీ టీచరూ ఆటో డ్రైవరూ ఏడాదికి కొనేదెంత? అక్కడే అత్త బుర్ర పనిచేసింది. మా వాళ్లలో పెళ్లి బట్టలంటే ఇంటిల్లిపాదీ, ఆపైన అటు ఏడు తరాల చుట్టాలూ జీపుల మీద దిగుతారు. ఆ ఖర్చంతా తన కార్డు మీద నడిపిస్తే? చుట్టాలిచ్చిన నోట్లను అటునుంచి అటే బ్యాంకులో కట్టేసేది. కార్డయితే నూటికి రెండు ఎక్కువ ఇమ్మని షాపువాళ్లు అడిగేవాళ్లు. "రెండు జీపుల మందిని తీసుకొస్తిని. ఇంక నన్నే రెండు అడుగుతవా? పా, పక్క దుకాణానికి పోతం" అని చెప్పు తొడుక్కునేది. ఆ చెప్పు సగం కాలికి ఎక్కేలోపు షాపువాడు దిగివచ్చేవాడు.

షాపుల్లో కమీషన్ తింటున్నదని కొందరు గుసగుసలాడారు. అత్త దాచిపెట్టే మనిషి కాదు. భోజనాల బంతిలోనే, అందరూ వింటుండగా, "షాపోడిచ్చేది కాదు, బ్యాంకోడిచ్చేది. నా ముసల్తనానికి దాసుకుంటున్న. మీకెవరికన్న నష్టమైతే చెప్పున్రి" అంది. ఎవరికీ కాలేదు. ఇంకో గరిటె పప్పు వేయించుకుని తిన్నారు. వచ్చిన ప్రతి బోనసూ డిపాజిట్‌లోకే పోయేది. ఆమెకు ఆ డిపాజిట్ తల్లి గొర్రె, బోనసులు దాని పిల్లలు. నేను ఎంతోమంది చదువుకున్నవాళ్లను చూశాను గానీ, ఇంత గట్టిపిండాన్ని చూడలేదు.

అలాంటి మనిషి 2011లో నా పెళ్లికి తన షరతు తానే తప్పింది. సూర్యాపేటలో బట్టలు, కోదాడలో పట్టుచీరలు, మిర్యాలగూడలో గిన్నెల సామాను, అన్నీ ఆమె కార్డు మీదే వచ్చాయి. నాయన దగ్గర మాత్రం ముందుగా డబ్బులు తీసుకోలేదు. తోడబుట్టిన అన్నను ఆడపిల్ల పెళ్లి పూట పైసలు పెట్టమంటే ఏం బాగుంటుందని మొహమాటపడింది. "వడ్లు అమ్మంగనే ఇస్త, యాడికి పోతయ్" అన్నాడు నాయన. వడ్లు అమ్మాడు. ఆ డబ్బు పాత ట్రాక్టర్ కొనడానికి ముందస్తుగా బయానా ఇచ్చాడు.

పెళ్లి తర్వాత పదహారో రోజు పండుగకు నేను పుట్టింటికి వచ్చాను. ఆ రోజే పుట్టింటివాళ్లు ఆడబిడ్డల కొంగులో ఒడిబియ్యం పోస్తారు. నాకు పోశాక అత్తను పీట మీద కూర్చోబెట్టారు. అత్త కొంగు పట్టింది. నాయన దోసిలి నిండా పసుపు బియ్యం తీసుకుని వంగాడు. అత్త కొంగు మూసేసింది.

"అన్నా, జర ఆగు. రేపటితోని బ్యాంకు గడువు ఖతం."

"ఇస్త అన్న గద."

"వడ్లు అమ్మినవ్. బయానా ఇచ్చినవ్. నాకెరుకే."

ఇంటి నిండా చుట్టాలు. నాయన ముఖం ఎర్రబడింది. "పీట మీద కూసోని అడుగుతవా? నా మీద నమ్మకం లేదా నీకు?"

"నమ్మకం ఉన్నది గాబట్టే అందరినీ అడిగి నిన్ను ఇడిసిపెట్టిన. అది నా తప్పు." అత్త ఆగలేదు. "నాకు పింఛను లేదన్నా. రేపు కట్టకపోతే ఇన్నేండ్లు కూడబెట్టింది వడ్డీలకే పోతది. అప్పుడు ముసల్దాన్నై నీ దర్వాజ ముంగట నిలబడాలె. గప్పుడు అడుగుడు మంచిదా, గిప్పుడు అడుగుడు మంచిదా?"

నాయన దోసిలిలో బియ్యం అలాగే ఉన్నాయి. తిరిగి గంపలో పోస్తే అరిష్టం, పట్టుకుని నిలబడితే పరువు తక్కువ. మా అమ్మ రేణుకమ్మ ఎవరినీ అడగలేదు. లోపలికి వెళ్లి బీరువా తెరిచి, పెళ్లిలో వచ్చిన చదివింపుల డబ్బు మూట తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. "లెక్క సూసుకో వసంతా. తక్కువైతే నా పుస్తెల తాడు కుదువ పెడ్త" అంది. తక్కువ కాలేదు. అప్పుడు అత్త కొంగు విప్పింది. నాయన ముఖం అటు తిప్పుకుని బియ్యం పోశాడు.

మర్నాడు సూర్యాపేటలో బ్యాంకు తలుపు తీసేసరికి అత్త వాకిట్లో ఉందని మామ చెప్పాడు. ఆ నెల వచ్చిన బోనసు ఆమెకు అంతవరకూ వచ్చిన అన్నింటికన్నా పెద్దది. నాయన మాత్రం చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం నాయనకు ఫోను చేయడం మానలేదు. ఆయన ఎత్తకపోతే అమ్మతో మాట్లాడేది.

2014లో అత్త బడి మానేసింది. ఆ ఎండాకాలం మళ్లీ ఒడిబియ్యానికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, మామ కొత్త చొక్కా వేసుకున్నాడు. పీట మీద కూర్చున్న చెల్లెల్ని చూసి నాయన మెల్లగా అడిగాడు.

"బడి బందు వెట్టినవట. ఇగ మీ ఇద్దరికి ఎట్ల ఎల్తదే? నెలకింత నేను పంపాల్నా?"

పాత కోపం ఆయన గొంతులో లేదు. నిజంగానే పంపేవాడు. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వింది కూడా.

"ఒకటో తారీఖున డిపాజిట్ వడ్డీ వచ్చింది. నెలనెలా వస్తది. మాకది సాలన్నా" అంది. "నీ దగ్గర బియ్యం ఒక్కటే తీసుకుంట. అవి మాత్రం నిండుగ పొయ్యి."

నాకు అప్పుడు కలిగిన గర్వం నా పెళ్లినాడు కూడా కలగలేదు. నాయన వంగి, పోయాల్సిన దోసిళ్లన్నీ పోశాడు. చెయ్యి దులుపుకోబోయి మళ్లీ గంప వైపు తిరిగాడు. ఇంకో దోసిలి నింపుకుని వచ్చాడు. అత్త కొంగు పట్టుకునే ఉంది.